ఫీనిక్స్ ఎండల్లో కుక్కను ఎక్కడ నడిపించాలి? చెరువులు, నీడ ఉన్న దారులు చెప్పండి

లాబ్రడార్_అమ్మ · ఆగస్టు 9

అందరికీ నమస్కారం. జూన్‌లో సియాటిల్ నుంచి అరిజోనాలో ఫీనిక్స్ పక్కనే ఉన్న చాండ్లర్‌కి మారాం. మా కుక్క పేరు కాటుక. నల్ల లాబ్రడార్, రెండేళ్లది. అక్కడ వాన తుంపరలోనే రోజూ గంటన్నర నడిచేది, నీళ్లు కనిపిస్తే చాలు దూకేది. ఇక్కడికి వచ్చాక రెండు నెలలుగా ఇంట్లోనే ఉంటోంది. తలుపు దగ్గర కూర్చుని ఒకసారి లీష్ (మెడకి కట్టే తాడు) వైపు, ఒకసారి నా వైపు చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది.

నిన్న సాయంత్రం ఏడున్నరకి, ఎండ పోయింది కదా అని బయటికి తీసుకెళ్లాను. రెండు వీధులు దాటేసరికి కాళ్లు ఎత్తెత్తి వేయడం మొదలుపెట్టింది. ఎలాగో ఎత్తుకుని ఇంటికి తెచ్చాను. రాత్రంతా అరికాళ్లు నాకుతూనే ఉంది.

దగ్గర్లో కుక్కల్ని రానిచ్చే చెరువులు, నీడ ఉన్న నడక దారులు ఏమున్నాయి? నీళ్లలోకి దింపొచ్చా? అక్టోబర్‌లో అమ్మానాన్న కూడా వస్తున్నారు. వాళ్లకీ నడక అలవాటే, అందరం కలిసి వెళ్లే చోటైతే ఇంకా మంచిది.

చాండ్లర్_పాతకాపు · ఆగస్టు 9

అమ్మా, ముందు ఆ పాదాలు చూడండి. ఎర్రగా ఉన్నా, తోలు ఊడినట్టున్నా ఈరోజే డాక్టర్‌కి చూపించండి.

నేను ఇక్కడికి వచ్చి పదహారేళ్లయింది. ఇది మూడో కుక్క. ఈ ఊళ్లో ముందు వేళ చూసుకోవాలి, చోటు సంగతి తర్వాత. మీరు చేసిన పొరపాటు కొత్తగా వచ్చినవాళ్లందరూ చేస్తారు, మొదటి ఏడాది నేనూ చేశాను. సూర్యుడు దిగిపోతే చల్లబడిందని మన ఒంటికి అనిపిస్తుంది. రోడ్డు మాత్రం పగలంతా తాగిన వేడిని రాత్రి తొమ్మిదీ పదింటి వరకూ కక్కుతూనే ఉంటుంది. గాలి 77 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్న రోజునే ఎండలో తారు 125 దాకా పోతుంది. మరి ఇక్కడ జూలైలో గాలే 106, 110 ఉంటుంది. 2023లో వరసగా 31 రోజులు 110, ఆ పైనే ఉంది. 2024లో వరసగా 113 రోజులు 100 దాటింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు మన దగ్గర. ఇక్కడ ఆ కార్తె నాలుగు నెలలు నడుస్తుందనుకోండి.

అందుకే మే నుంచి సెప్టెంబర్ దాకా తెల్లవారుజామున తప్ప నడక వద్దు. జూన్‌లో 5:20కే తెల్లవారుతుంది. ఇప్పుడైతే ఆరుకి కాస్త ముందు. రోడ్డు రాత్రంతా చల్లబడి ఉండేది ఆ గంటలోనే. బయల్దేరే ముందు అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీ చెయ్యి ఓర్చుకోలేకపోతే దాని కాలూ ఓర్చుకోలేదు.

చోటు సంగతికొస్తే, మీకు దగ్గర్లోనే వెటరన్స్ ఒయాసిస్ పార్క్ ఉంది. 113 ఎకరాలు, మధ్యలో చేపల చెరువు, చుట్టూ మట్టి దారులు. లీష్ ఉంటే కుక్కల్ని రానిస్తారు. తారు లేకపోవడమే దాని గొప్ప. కన్సాలిడేటెడ్ కాలువ వెంబడి పాసెయో ట్రెయిల్ కూడా ఉంది. అక్కడ లీష్ అస్సలు వదలకండి. కాలువ గట్లు నున్నగా, ఏటవాలుగా ఉంటాయి. ఈత వచ్చిన కుక్క పడినా గోళ్లకు పట్టు దొరక్క పైకి రాలేదు.

టెంపే_విద్యార్థి · ఆగస్టు 10

నాది షెల్టర్ నుంచి తెచ్చుకున్న చిన్న చివావా మిక్స్ అక్కా. మేం టెంపే టౌన్ లేక్ చుట్టూ నడుస్తాం. పెద్ద దారి, రాత్రి దీపాలుంటాయి, మనుషులుంటారు, ఒంటరిగా వెళ్లినా భయం ఉండదు. వంతెనల కింద కాసేపు నీడ కూడా దొరుకుతుంది.

చాండ్లర్_పాతకాపు · ఆగస్టు 10

చలికాలంలో అక్కడికి నేనూ వెళ్తాను తమ్ముడూ, బాగుంటుంది. ఎండాకాలానికి మాత్రం పనికిరాదు. వంతెనల కింద తప్ప అంతా కాంక్రీటే. పైగా ఇది నీళ్లు చూస్తే దూకే లాబ్రడార్. ఆ చెరువులో ఈతకు దిగనివ్వరు. కళ్ల ముందు రెండు మైళ్ల నీళ్లుండి, ముట్టుకోవద్దంటే ఆ పిల్లకి శిక్షే.

మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. అది ఎండిపోయిన సాల్ట్ రివర్ పడకలో 1999లో కట్టిన చెరువు. రబ్బరు ఆనకట్టలు వేసి నీళ్లు ఆపారు. 2010 జూలైలో ఒక రాత్రి రబ్బరు సంచి పగిలి దాదాపు చెరువంతా ఖాళీ అయింది. మర్నాడు వెళ్లి చూస్తే బురద, చచ్చిన చేపలు. ఇప్పుడున్న ఉక్కు గేట్లు 2016లో పెట్టినవి. ఈ ఎడారిలో నీళ్లు కనిపించాయంటే వాటి వెనక ఎవరిదో కష్టం ఉన్నట్టే.

పిచ్చుక_గూడు · ఆగస్టు 10

గిల్బర్ట్‌లో వాటర్ రాంచ్ దగ్గరున్న రిపేరియన్ ప్రిజర్వ్ గురించి ఎవరూ రాయలేదేంటి! నేను వారానికి మూడు సార్లు వెళ్తాను. మా ముసలి బీగిల్‌కి పదమూడేళ్లు, దానికి ఆ నేలంటే ప్రాణం.

110 ఎకరాల్లో ఏడు ఇంకుడు చెరువులున్నాయి. ఊరి మురుగునీటిని శుద్ధి చేసి వీటిలోకి వదిలి, మెల్లగా భూమిలోకి ఇంకిస్తారు. మన ఇంకుడు గుంతల లెక్కే, కాకపోతే ఎకరాల కొద్దీ. ఒక చెరువు నిండుగా ఉంటే పక్కది ఎండగడతారు, మళ్లీ మారుస్తారు. అందుకే ఈ వారం నీళ్లున్న చోట వచ్చే వారం బురద ఉంటుంది. ఆ బురదలో పొడుగు కాళ్ల పిట్టలు బారులు తీరి నిలబడతాయి. తెల్ల కొంగలు, నీలి కొంగలు, ముక్కు పైకి వంగిన అవోసెట్‌లు. శీతాకాలం బాతులతో నిండిపోతుంది.

దారికి రెండు వైపులా మెస్కీట్ చెట్లు. మొదటిసారి చూసినప్పుడు ఆ సన్నాకు, ఆ కాయలు, ఆ ముళ్లు ఎక్కడో చూసినట్టే అనిపించి ఆగిపోయాను. మన సర్కారు తుమ్మకి ఇది దగ్గర చుట్టం. మన దగ్గర దాన్ని నరికినా చావదని తిట్టుకుంటాం. ఇక్కడ నీడనిచ్చేది అదే, ఎండిన కాయలు నేల మీద పరుచుకుని ఉంటాయి. మా బీగిల్ వాటిని వాసన చూస్తూ పది అడుగులకి పది నిమిషాలు తీసుకుంటుంది. తీసుకోనిస్తాను. ఈ వయసులో దానికి దూరం అక్కర్లేదు, వాసనలు కావాలి.

రెండు మాటలు. ఆ నీళ్లు తాగనివ్వకండి, లోపలికి దింపకండి. లీష్ పొట్టిగా పట్టుకోండి. ఒడ్డున నేల మీదే గూళ్లు పెట్టే పిట్టలున్నాయి. కుక్క ఒక్కసారి ఉరికితే తల్లి లేచిపోతుంది, ఆ ఎండలో గుడ్లు ఎంతోసేపు నిలవవు.

గిల్బర్ట్_నాన్న · ఆగస్టు 11

నీళ్లలోకి దింపాలంటే గిల్బర్ట్‌లోనే కాస్మో డాగ్ పార్క్. కుక్కల కోసమే చిన్న చెరువు, దూకడానికి చెక్క వేదిక. ఊరి మొదటి పోలీసు కుక్క పేరు పెట్టారు దానికి. కంచె లోపల లీష్ లేకుండా వదలొచ్చు. మా గోల్డెన్ రిట్రీవర్ మొదటిసారి దూకినప్పుడు మా అబ్బాయి చప్పట్లు కొట్టి కొట్టి చేతులు ఎర్రబడ్డాయి. నీటి భాగాన్ని అప్పుడప్పుడు మూసేస్తుంటారు కాబట్టి టౌన్ వెబ్‌సైట్ చూసుకుని వెళ్లండి.

పిచ్చుక_గూడు · ఆగస్టు 11

అక్కడ ఈతకొట్టాక మా అక్క వాళ్ల కుక్కకి రెండుసార్లు చెవి ఇన్ఫెక్షన్ వచ్చింది. అన్ని కుక్కలు దిగే నిలవ నీళ్లు. నేనైతే దింపను.

గిల్బర్ట్_నాన్న · ఆగస్టు 11

మావాడు నాలుగేళ్లుగా దిగుతున్నాడండీ, ఏమీ కాలేదు. ఇంటికి రాగానే గొట్టంతో కడిగి చెవులు తుడుస్తాం, అంతే. నీళ్ల కుక్కని నీళ్లకి దూరం పెట్టడం కూడా దానికి బాధే కదా.

పశువైద్య_సాయం · ఆగస్టు 11

నేను రాత్రి పూట ఒక ఎమర్జెన్సీ పశువైద్యశాలలో టెక్నీషియన్‌ని. మీరిద్దరూ చెప్పిందాంట్లో నిజముంది. లాబ్రడార్, గోల్డెన్, బీగిల్ అన్నిటికీ వేలాడే చెవులే, తడి లోపలే ఉండిపోతుంది. దింపితే దింపండి, కానీ మంచినీళ్లతో కడిగి, చెవులు పొడిగా తుడవండి. లెప్టో (నిలవ నీళ్ల నుంచి సోకే లెప్టోస్పైరోసిస్ జబ్బు) టీకా గురించి మీ డాక్టర్‌ని అడగండి. ఏ చెరువైనా సరే, నీళ్ల మీద ఆకుపచ్చ రంగు పెయింట్ ఒలికినట్టు తెట్టు ఉంటే మాత్రం దగ్గరికి కూడా పోనివ్వకండి. ఆ నాచులో కాలేయాన్ని, నరాల్ని దెబ్బతీసే విషాలు ఉండొచ్చు.

అయితే మా దగ్గరికి వచ్చే కేసుల్లో చెరువుల వల్ల వచ్చేవి తక్కువ. వడదెబ్బవే ఎక్కువ. అదీ మధ్యాహ్నం బయటికి తీసుకెళ్లినవాళ్లవే కాదు. ఉదయం ఎనిమిదికి బయల్దేరి, "ఇంకొక్క మలుపు" అనుకుంటూ పదింటిదాకా నడిచినవాళ్లవి. కుక్క తనకు కష్టంగా ఉందని చెప్పదు. మీరు నడుస్తున్నంతసేపూ నడుస్తుంది, పడిపోయేదాకా నడుస్తుంది. దాన్ని నమ్ముకుని నడక కొలవకండి.

నాలుక వెడల్పుగా సాగి, చొంగ చిక్కగా తీగలా కారుతూ, చిగుళ్లు ముదురు ఎరుపు రంగులో ఉండి, నడక తూలుతుంటే వడదెబ్బే. వెంటనే నీడకి తీసుకెళ్లి ఒళ్లంతా చల్లటి నీళ్లు పోయండి. పొట్ట, తొడల లోపలి భాగం, పాదాలు బాగా తడవాలి. గాలి తగిలేలా చూడండి. కారులో ఏసీ పూర్తిగా పెట్టి ఆసుపత్రికి రండి. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, లోపలి వేడి బయటికి పోదు. ముందు చల్లబరచడం, తర్వాతే ప్రయాణం. ఆ పది నిమిషాలే ప్రాణం నిలబెడతాయి.

మీది నల్ల కుక్క, ఎండని ఇంకా పీల్చుకుంటుంది. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

లాబ్రడార్_అమ్మ · ఆగస్టు 12

అందరికీ కృతజ్ఞతలు. పాతకాపు గారూ, పాదాలు చూపించాం. రెండు మెత్తల మీద బొబ్బలు వచ్చాయన్నారు, వారం విశ్రాంతి, మందు రాస్తున్నాం. చూసినప్పుడల్లా నా మీద నాకే కోపం వస్తోంది.

ఇంకో ప్రశ్న. పక్కింటివాళ్లు "రాత్రి పెరట్లోకి ఒంటరిగా వదలొద్దు, కప్పలుంటాయి" అన్నారు. కప్పలకి అంత భయమెందుకు?

మీసా_ఇల్లాలు · ఆగస్టు 12

వాళ్లు చెప్పింది వినండి. గత ఏడాది జూలైలో వాన వెలిసిన రాత్రి మా పగ్‌ని ఒంటేలుకి వదిలాను. రెండు నిమిషాల్లో నోట్లో నురగతో వచ్చింది, తల విదిలిస్తోంది. పెరట్లో దీపం వేసి చూస్తే అరచేయంత గోదురుకప్ప. సొనోరన్ ఎడారి కప్ప అంటారు దాన్ని. తల వెనక, కాళ్ల మీద విషగ్రంథులుంటాయి. మేం తెలియక ముందు నోట్లోకి నీళ్లు పట్టించబోయాం. ఫోన్‌లో డాక్టర్ ఆపి, తల కిందికి వంచి, నోటి పక్క నుంచి గొట్టంతో కడగమన్నారు. నీళ్లు గొంతులోకి కాకుండా బయటికే కారాలి. చిగుళ్లు గుడ్డతో తుడుస్తూ అయిదు పది నిమిషాలు కడిగాం. తర్వాత ఆసుపత్రికి వెళ్తుంటే దారిలో ఫిట్స్ వచ్చాయి. బతికింది. ఇప్పటికీ వాన పడితే నాకు టెన్షనే, టార్చ్ లేకుండా తలుపు తీయను.

పశువైద్య_సాయం · ఆగస్టు 12

సరిగ్గా చేశారు. జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ చివరి దాకా మాన్‌సూన్, అంటే ఇక్కడి వానాకాలం, కప్పలు బయటికి వచ్చేది అప్పుడే. అదే రోజుల్లో దుమ్ము తుఫాన్లు కూడా. ఈ మట్టిలో ఒక శిలీంధ్రం ఉంది, పీల్చితే వ్యాలీ ఫీవర్ వస్తుంది. మనుషులకీ వస్తుంది, కుక్కలకీ వస్తుంది, ఒకరి నుంచి ఒకరికి అంటదు. ముక్కు నేలకి ఆనించి తవ్వే కుక్కలకి ముప్పు ఎక్కువ. తగ్గని పొడి దగ్గు, మందకొడితనం, బరువు తగ్గడం, కారణం లేకుండా కుంటడం కనిపిస్తే రక్తపరీక్ష చేయించండి. మందుంది, కాకపోతే నెలల తరబడి వాడాలి. సియాటిల్ డాక్టర్లకి ఇది అలవాటు లేని జబ్బు. మీరు ఎప్పుడైనా అక్కడికి తిరిగి వెళ్లి, అక్కడ దగ్గు మొదలైతే అరిజోనాలో ఉన్నామని తప్పకుండా చెప్పండి.

కొండబాట · ఆగస్టు 14

ఊరి చెరువులు అయ్యాయి కాబట్టి అసలు నీళ్ల గురించి నేను రాస్తాను.

సాల్ట్ రివర్ మీద వరసగా నాలుగు జలాశయాలు. పైన రూజ్‌వెల్ట్, దాని కింద అపాచీ, కాన్యన్, సవారో. 1911లో రూజ్‌వెల్ట్ డ్యామ్, చివరగా 1930లో సవారో సరస్సు డ్యామ్. ఈ నగరం చాలావరకు బతుకుతున్నది ఆ నీటి మీదే. మీకు దగ్గర సవారో. ఎర్రటి కొండలు, వాటి మీద నిలువెత్తు సవారో జెముళ్లు, కింద నీలం నీళ్లు. ఒడ్డు వెంబడి బుచర్ జోన్స్ ట్రెయిల్ ఉంది. టాంటో అడవి పాస్ ముందే కొనుక్కుని వెళ్లండి. దారిలో సాల్ట్ రివర్ దగ్గర కూన్ బ్లఫ్‌లో అడవి గుర్రాలు నీళ్లలో నిలబడి నీటి గడ్డి మేస్తుంటాయి. వాటికి 50 అడుగుల దూరంలో ఉండాలి. కుక్క మొరిగితే పిల్లలున్న గుర్రాలు బెదురుతాయి, ఇంకా దూరంగా ఉండడమే మేలు.

ఉత్తరాన లేక్ ప్లెజెంట్. కొలరాడో నది నీళ్లు కాలువలో ఎడారి దాటి వచ్చి ఇక్కడ నిలుస్తాయి. చలికాలంలో నింపి, ఎండాకాలంలో వాడతారు. అందుకే ఫిబ్రవరిలో నీటి అంచున ఉన్న రాయి సెప్టెంబర్‌లో గట్టు మీద ఉంటుంది. పైప్‌లైన్ కాన్యన్ ట్రెయిల్‌లో తేలే వంతెన మీద నడవడం నాకు చాలా ఇష్టం. కౌంటీ పార్కుల్లో లీష్ ఆరడుగులు దాటకూడదు. అడవి గాడిదలు కూడా తిరుగుతుంటాయి, చూసుకోండి.

ఇవన్నీ నవంబర్ నుంచి మార్చి దాకానే. ఆగస్టులో వెళ్లొద్దు, ఎంత పొద్దున్నే అయినా వద్దు. తిరిగి వచ్చేటప్పుడు నీడ ఒక్క చోట కూడా ఉండదు.

ఫీనిక్స్ సిటీ నియమం కూడా తెలుసుకోండి. 2016 నుంచి గాలి 100 డిగ్రీలు ఉన్నా, దాటినా సిటీ కొండదారుల్లోకి కుక్కల్ని తీసుకెళ్లకూడదు. 2,500 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. కామెల్‌బ్యాక్ కొండదారులు, పియెస్టెవా శిఖరం దారి మీదకి ఏ కాలంలోనూ కుక్కల్ని రానివ్వరు. కొంతమందికి ఇది అతిగా అనిపిస్తుంది. కొండ సగంలో కూలబడిన కుక్కని భుజాన వేసుకుని ఏడుస్తూ దిగుతున్న ఒకాయన్ని నేను చూశాను. నాకు అతి అనిపించదు.

సంచిలో ఒక దువ్వెన, పట్టకారు ఉండాలి. చోయా అనే జెముడు ముక్కలు దారిలో పడి ఉంటాయి, తగిలితే ఉండలా అంటుకుంటాయి. కుక్క నోటితో పీక్కోబోతే నాలుకకీ గుచ్చుకుంటాయి. దువ్వెన పళ్లు కిందికి దూర్చి ఒక్కసారి ఎగరేయండి, మిగిలిన ముళ్లు పట్టకారుతో తీయండి. చేత్తో ముట్టుకోవద్దు. రాటిల్ స్నేక్ కరిస్తే కట్టు కట్టొద్దు, కోయొద్దు, కుక్కని నడిపించకుండా ఎత్తుకుని నేరుగా ఆసుపత్రికి. పాము వాసనకి, గిలక చప్పుడుకి వెనక్కి తగ్గేలా కుక్కలకి ఇక్కడ శిక్షణ ఇస్తారు, వసంతానికి ముందే ఇప్పించండి.

ప్రెస్కాట్_బాట · ఆగస్టు 15

ఎండాకాలంలో నీళ్లు చూడాలంటే పైకి రండి. ప్రెస్కాట్ 5,300 అడుగుల ఎత్తు. రెండు గంటల ప్రయాణం, కారు దిగగానే తేడా ముఖానికి తెలుస్తుంది. లింక్స్ లేక్ 55 ఎకరాలు, చుట్టూ రెండు మైళ్ల దారి, అంతా పాండెరోసా పైన్ నీడ. సూదుల్లాంటి ఆకులు రాలి నేల మెత్తగా ఉంటుంది, బొబ్బలెక్కిన పాదాలకి అంతకంటే సుఖం లేదు. వాట్సన్ లేక్ గుండ్రాళ్ల మధ్య ఉంటుంది, పాత రైలు దారిని నడక దారి చేసిన పీవైన్ ట్రెయిల్ దాని పక్కనే సాగుతుంది, ఎక్కుడు దిగుడు లేదు, పెద్దవాళ్లకి మంచిది. వాట్సన్ లేక్‌లో ఈత నిషేధం. అక్కడికి వెళ్లే ఐ-17 హైవే మీద ట్రాఫిక్ ఆగితే గంటలు పట్టొచ్చు, కారులో రెండు మూడు గ్యాలన్ల నీళ్లు అదనంగా ఉంచుకోండి.

మీసా_ఇల్లాలు · ఆగస్టు 15

ఒకటి మర్చిపోయారు అందరూ. ఇక్కడ ఇళ్లకి, పార్కులకి కంచెల్లా పెంచేది గన్నేరు. మనకి దాని సంగతి చిన్నప్పటి నుంచీ తెలుసు. కుక్కకి తెలియదు. రాలిన ఆకులు, కొమ్మలు నోట పెట్టనివ్వకండి.

లాబ్రడార్_అమ్మ · ఆగస్టు 30

పాదాలు మానాయి. పది రోజులుగా అయిదున్నరకే వెటరన్స్ ఒయాసిస్‌లో ఉంటున్నాం. నలభై నిమిషాలు, అంతే. ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను, మోగితే ఎక్కడున్నా వెనక్కి తిరుగుతున్నాం. దాని కాళ్లకి బూట్లు కొన్నాం కానీ రెండడుగులు వేసి పీకేస్తోంది.

చాండ్లర్_పాతకాపు · ఆగస్టు 30

ఇంట్లో ఏసీలో రోజుకి అయిదు నిమిషాలు వేసి, తీసేటప్పుడు ఏదైనా ఇష్టమైంది పెట్టండి. మాదానికి మూడు వారాలు పట్టింది. అలారం మాత్రం అక్టోబర్ దాకా ఆపకండి.

లాబ్రడార్_అమ్మ · నవంబర్ 16

చెప్పకుండా ఉండలేక మళ్లీ వచ్చాను.

అమ్మానాన్న వచ్చి నెలయింది. మొదటి వారం అమ్మ కాటుకని ముట్టుకోలేదు, దూరంగా నడిచేది. రిపేరియన్ ప్రిజర్వ్‌లో పిచ్చుక_గూడు గారు చెప్పిన మెస్కీట్ చెట్టు దగ్గర ఆగి, ఎండుకాయ ఒకటి తీసి చిదిమి చూసి, "ఇది మన చెరువు కట్ట మీద ఉండే తుమ్మే" అంది. ఆ తర్వాత రోజు నుంచి ఉదయం లీష్ తనే తీస్తోంది. నాన్న కొంగల్ని లెక్కపెడతారు, నిన్న ముప్పై నాలుగట.

నిన్న సవారో సరస్సుకి వెళ్లాం. 72 డిగ్రీలు. గట్టు దగ్గర నీళ్లు తేటగా ఉన్నాయి, తెట్టు లేదు, చుట్టూ ఎవరూ లేరు. పొడవు తాడు కట్టి దింపాను. సియాటిల్ వదిలాక మొదటి ఈత. బయటికి వచ్చి ఒళ్లు విదిలించి నేరుగా వెళ్లి అమ్మ చీర కుచ్చిళ్ల మీద తల పెట్టింది. అమ్మ ఏమీ అనలేదు, కొంగుతో దాని చెవులు తుడిచింది. నేను చెప్పకుండానే. ఇంట్లో రోజూ నేను తుడవడం చూస్తోంది కదా.

వచ్చే శనివారం ఉదయం ఏడింటికి వెటరన్స్ ఒయాసిస్‌లో ఉంటాం. వీలైనవాళ్లు మీ పిల్లల్ని తీసుకుని రండి.

పిచ్చుక_గూడు · నవంబర్ 16

నేనూ మా ముసల్దీ వస్తాం. మేం చెరువు చుట్టూ తిరగలేం, గట్టు మీద నీడపట్టున కూర్చుంటాం. బాతులు దిగాయి, నాన్నగారికి నా బైనాక్యులర్ తెస్తాను.

టెంపే_విద్యార్థి · నవంబర్ 17

మేం కూడా అక్కా. మాది పెద్ద కుక్కలకి కాస్త భయపడుతుంది, ముందు దూరం నుంచి కలుపుదాం.